వీధికొక్క కారు

మా తరంలో కారు కొన్నవాడు వీధి మొత్తానికీ డ్రైవరయ్యేవాడు. 1990ల మొదట్లో విజయవాడలో ఉద్యోగస్తులుండే ఏ వీధి చూసినా ఇంటికో స్కూటరు, నాలుగిళ్లకో టెలిఫోను, వీధికంతటికీ ఒక్క కారు. ఆ కారు ఎవరి గుమ్మం ముందు ఉంటే, అర్ధరాత్రయినా అపరాత్రయినా ఆ ఇంటి తలుపే కొట్టేవారు. పురిటి నొప్పులు, గుండెనొప్పి, చంటిపిల్లకి ఫిట్సు, తెల్లవారుజామున రైలు దిగే చుట్టాలు, పెళ్లిచూపులకి వెళ్లాల్సిన అమ్మాయి, హాల్‌టికెట్టు ఇంట్లో మరచిపోయి పరీక్షకి పరిగెత్తిన కుర్రాడు, అన్నిటికీ ఆ బండే. పెట్రోలు డబ్బులు ఇవ్వబోవడం వాళ్ల మర్యాద, పుచ్చుకోకపోవడం మన మర్యాద. మర్నాడు ఆ ఇంటి నుంచి గిన్నెడు పులిహోరో, పెరట్లో కాసిన బీరకాయలో వచ్చేవి.

నాది అలాంటి కారు. 1993లో కొన్న తెల్ల మారుతి 800, ఏపీ 16 నంబరు. కాలేజీలో ఫిజిక్సు చెప్పుకునేవాడికి ఆ రోజుల్లో అది తాహతుకి మించిన పనే. బ్యాంకు అప్పు, పీఎఫ్ అప్పు, మా ఆవిడ గాజులు అన్నీ కలిస్తే ఇంటికొచ్చింది. రిటైరయ్యాక కూడా చాన్నాళ్లు ఉంచుకుని, ఈమధ్యనే ఇచ్చేశాను.

ఇచ్చేస్తున్నానని తెలిసిన ప్రతివాళ్లూ ఒకే మాటన్నారు: “ఎన్ని జ్ఞాపకాలో కదా మాస్టారూ!” ఆప్యాయంగా అన్న మాటే. కానీ నాకు అది సరిగ్గా తగల్లేదు. జ్ఞాపకాలు బండిలో ఉండవు. నాలో ఉన్నాయి, మా ఆవిడలో ఉన్నాయి, వెనక సీట్లో నిద్రపోతూ పెరిగిన మా పిల్లల్లో ఉన్నాయి. బండి పోయినంత మాత్రాన అవి ఎక్కడికీ పోవు. బండితోపాటు పోయేది వేరే ఒకటుంది. ఒక మనిషి కష్టంలో ఉంటే లేచి, చొక్కా తగిలించుకుని, తాళం తీసుకుని “పదండి” అనగలగడం. పాతికేళ్లపాటు నేనెవరో నాకు చెప్పింది ఆ ఒక్క మాట. ఉద్యోగ విరమణ రోజున శాలువా కప్పి పంపినప్పుడు కూడా నాకు పెద్ద లోటనిపించలేదు. తాళాలు చేతులు మారిన రోజున అనిపించింది.

ఈ బండి కథ కొంచెం చెప్పుకోవాలి. అంతకు ముందు మన దేశంలో కారంటే అంబాసిడర్, లేకపోతే ఫియట్. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురు చూడాలి. 1983 డిసెంబర్ 14న మొదటి మారుతి 800 తాళాలను ఇందిరాగాంధీ హర్‌పాల్ సింగ్ అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి చేతిలో పెట్టారు. ఆయన మంత్రి కాదు, వ్యాపారి కాదు. జీతం మీద బతికేవాడి చేతిలో కారు తాళం పడటం, ఆ కారు విషయంలో నాకు అన్నిటికంటే పెద్ద సంగతిగా తోస్తుంది. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు, పన్నెండంగుళాల చక్రాలు, ఏడు వందల కిలోలు కూడా లేని బరువు. మా ఇంటి సందులో రిక్షా తిరిగే చోట అది తిరిగేది. 2014 జనవరిలో తయారీ ఆపేసే నాటికి పాతిక లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. అదే ఏడాది మే నెలలో అంబాసిడర్ తయారీ కూడా ఆగిపోయింది.

హర్‌పాల్ సింగ్ ఆ కారుని చివరిదాకా వదల్లేదు. 2010లో ఆయన పోయారు. ఆ తర్వాత అది ఢిల్లీలో ఇంటి బయట ఎండకీ వానకీ తుప్పు పట్టి పడున్న ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. కంపెనీ వాళ్లు దాన్ని బాగుచేయించి తమ ప్రధాన కార్యాలయంలో పెట్టుకున్నారు. దేశంలో మొట్టమొదటిది కాబట్టి దానికా యోగం పట్టింది. మిగతా పాతిక లక్షల బండ్లకు ఆ యోగం లేదు. ప్రేమకొద్దీ ఉంచుకున్న బండి కూడా, మనిషి దాటిపోయాక రోడ్డు పక్క రేకుల కుప్పే అవుతుంది. నా బండిని నా పిల్లలు అలా చూడకూడదనుకున్నాను. ఇచ్చేదేదో నా చేతులతో, నేను తిరుగుతుండగానే ఇవ్వాలి.

అసలు మా బండి ఎంత పని చేసిందో! 2004 కృష్ణా పుష్కరాలప్పుడు మా ఇంట్లో చుట్టాలు దిగిపోయారు. పొద్దున నాలుగింటికి మొదలు, ఘాటుకీ ఇంటికీ తిప్పడమే పని. తడి చీరలతో, తడి పంచెలతో ఎక్కి కూర్చునేవారు. సీట్ల కింద నీళ్లు నిలిచాయి. పుష్కరాలయ్యాక మ్యాట్లన్నీ మేడ మీద ఆరేస్తే వారం పట్టింది. ఏటా శ్రీరామనవమికి మైలవరం, తిరువూరు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్లేవాళ్లం. ఆ దారిలో మామిడి తోటల మధ్య అద్దాలు దించుకుని పోతుంటే వచ్చే తోట వాసన ఇప్పటికీ నా ముక్కుకి తెలుసు.

ఒక రాత్రి మాత్రం విడిగా చెప్పాలి. మూడో ఇంటి కోడలికి నొప్పులొచ్చాయి. నెలలు నిండలేదు. పాత ప్రభుత్వాసుపత్రికి బయల్దేరాం. వెనక సీట్లో ఆ పిల్ల అత్తగారి ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. దారిలో రైలు గేటు పడింది. విజయవాడలో బతికినవాళ్లకి ఆ గేట్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. గూడ్సు బండి వస్తోంది, పెట్టెలు ఒకటి తర్వాత ఒకటి, తెగడం లేదు. ఇంజను ఆపితే మళ్లీ సెల్ఫ్ అందుకుంటుందో లేదోనని నేను ఆపలేదు. మూడు సిలిండర్ల ఇంజను ఖాళీగా తిరుగుతుంటే బండంతా సన్నగా వణుకుతుంది. ఆ వణుకు స్టీరింగు మీది నా వేళ్లకి తెలుస్తోంది, వెనక ఆ పిల్ల “అమ్మా, అమ్మా” అనడం వినిపిస్తోంది, గేటు దీపం ఎర్రగానే ఉంది. ఆ అత్తగారు ఒక్క మాట అన్నారు: “మీరు కంగారుపడకండి బాబూ, మీరు నెమ్మదిగా ఉంటే మేం నెమ్మదిగా ఉంటాం.” గేటు లేచాక గుంటలు తప్పిస్తూ రెండో గేరులోనే ఆసుపత్రి దాకా తీసుకెళ్లాను. ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల పెళ్లికి మొన్న మాఘమాసంలో వెళ్లొచ్చాం.

2005 ఆగస్టులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. ఆ తర్వాత ఒకటి రెండేళ్లలోనే మా ఇంటి తలుపు రాత్రిళ్లు మోగడం తగ్గింది. అది ఎంత మంచి మార్పో నాకు తెలుసు. ఆక్సిజను, స్ట్రెచరు, చెయ్యి తిరిగిన మనిషి ఉన్న బండి ముందు నా చిన్న కారు ఎంత? ఆ రాత్రి గేటు దగ్గర మేం పడ్డ భయం ఇంకెవరూ పడకూడదు. ఆపైన వీధిలో ఒక్కొక్కరే కార్లు కొనుక్కున్నారు. అయినా పాత అలవాటు కొద్దీ స్టేషనుకి మాత్రం పిలిచేవారు. ఫోనులో నొక్కితే క్యాబు వచ్చే రోజులు రాగానే ఆ పిలుపులూ ఆగిపోయాయి. నెమ్మది మీద నాకు అర్థమైందేమిటంటే, నాకంటే చాలా ముందే నా బండి రిటైరైంది. దానికి ఎవరూ వీడ్కోలు సభ పెట్టలేదు, అంతే.

పని లేని మనిషి కొన్నాళ్లు బాగానే ఉంటాడు. పుస్తకాలు చదువుకుంటాడు, పొద్దున్నే నడుస్తాడు. పని లేని బండి మాత్రం ఉన్న చోటే పాడవుతుంది. బ్యాటరీ దిగిపోతుంది. బ్రేకు సిలిండర్లు బిగుసుకుపోతాయి. టైర్లు ఒక వైపే నొక్కుకుని చదునెక్కుతాయి. మేం సొంతిల్లు వదిలి అపార్టుమెంటుకి మారాక కింద సెల్లారులో ఎలుకలు ఒకసారి హెడ్‌లైటు వైర్లు మొత్తం కొరికేశాయి.

అన్నిటికీ మించి పెట్రోలు మారిపోయింది. 2023లో మొదలై రెండేళ్లలో దేశమంతటా నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలిపిన పెట్రోలే బంకుల్లోకి వచ్చేసింది. దాన్ని తప్పుపట్టడానికి కాదు చెప్పడం. చెరకు, మొక్కజొన్న, నూకలు ఇంధనమైతే రైతుకి మేలే, దిగుమతుల భారమూ తగ్గుతుంది. అయితే ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. ఈ కాలం కార్లలో సైలెన్సరు దారిలో సెన్సారు ఉండి, ఆ తేడా పసిగట్టి కంప్యూటరుకి చెబుతుంది. అది ఇంధనం పాళ్లు సర్దుతుంది. నా బండిలో ఉన్నది కార్బురేటరు. దాని జెట్టు రంధ్రం ఫ్యాక్టరీలో ఎంత తొలిచారో అంతే. ఏ పెట్రోలు పోసినా అదే ధార. అందుకే పొద్దున్నే చోక్ లాగి స్టార్టు చేస్తే మునుపటిలా ఒక్కసారికి అందుకునేది కాదు. పైగా ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. రోజూ తిరిగే బండికి అది పెద్ద లెక్క కాదు. నెల్లాళ్లు కదలని బండి ట్యాంకులో మాత్రం ఆ నీరు అడుక్కి దిగి రేకుని తినేస్తుంది. పాత రబ్బరు పైపులు మెత్తబడి చిట్లుతాయి. ఒక రోజు బానెట్ తెరిస్తే పెట్రోలు వాసన గుప్పుమంది. పంపు దగ్గర పైపు చెమర్చి ఉంది. బండిని ఊరికే నిలబెట్టి ప్రేమించడం కుదరదని నాకు తేలిపోయింది ఆ రోజే. తిప్పాలి, లేదా తిప్పేవాడికి ఇవ్వాలి.

తిప్పడానికి నా వంతు యోగ్యత కూడా చూసుకోవాలిగా. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకి అయిదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టి చూపించాలి. యాభై అయిదు దాటిన మనిషికీ అంతే, అయిదేళ్లకోసారి డాక్టరు సర్టిఫికెట్టుతో లైసెన్సు రెన్యువల్. మా ఇద్దరికీ ఒకే గడువు పెట్టిందన్నమాట చట్టం. బండి రెన్యువల్ ఫీజు ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 10,000 చేశారు. డబ్బు సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. కళ్ల సంగతి సర్దుకోలేకపోయాను. శుక్లాలు తీయించుకున్నాక పగలు అంతా తేటగానే కనిపిస్తుంది. రాత్రిపూట ఎదురుగా వచ్చే ఎల్‌ఈడీ లైటు మాత్రం చుట్టూ వలయాలు కట్టి, రోడ్డు వారన నడిచే మనిషిని మింగేస్తుంది. బెంజి సర్కిల్ దగ్గర ఒక సాయంత్రం, సైకిలు మీద పోతున్న పాలబ్బాయిని నాకంటే ముందు మా ఆవిడ చూసింది. “ఏవండీ” అని నా చెయ్యి పట్టుకుంది. ఏమీ కాలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చాక ఇద్దరం ఆ విషయం మాట్లాడుకోలేదు. మర్నాడు కాఫీ ఇస్తూ “ఎవరికిద్దాం?” అంది. ఇద్దామా వద్దా అని అడగలేదు.

ఎవరికి అన్నదే అసలు ప్రశ్న అయింది. తుక్కుకి ఇవ్వడం చట్టబద్ధమైన దారి. 2021 ఆగస్టులో కేంద్రం తెచ్చిన విధానం ప్రకారం నమోదైన స్క్రాపింగ్ కేంద్రంలో అప్పగిస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. కొత్త బండి కొనుక్కునేటప్పుడు దాని మీద పన్ను రాయితీ వస్తుంది. పాత బండ్లు వదిలే పొగ గురించి క్లాసులో చెప్పినవాణ్ణి, ఆ విధానం వెనక ఉన్న న్యాయం నాకు తెలుసు. ఫిట్‌నెస్ తప్పిన బండికి అదే గౌరవమైన ముగింపు. నాది తప్పలేదు. పొగ పరీక్షలో ప్రతిసారీ నెగ్గింది. నడిచే ఇంజన్ని నలగ్గొట్టడానికి నా మనసొప్పలేదు.

పాత కార్లు సేకరించే ఒకాయన హైదరాబాదు నుంచి ఫోను చేశారు. మంచి ధరే చెప్పారు. షెడ్డులో పెట్టి, కవరు కప్పి, ఏడాదికోసారి ర్యాలీలో తిప్పుతారట. ఆయన అభిరుచి మీద నాకు గౌరవం ఉంది. కానీ నలుగురికీ పనికొచ్చిన బండి చూడ్డానికి మాత్రమే మిగలడం నాకు నచ్చలేదు.

ఆటోనగర్‌లో ఒక బ్రోకరు అయితే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టేసి తేదీ వెయ్యకుండా ఇమ్మన్నాడు. కొన్నవాడు దొరికినప్పుడు నింపుకుంటాడట. ఇది మన దగ్గర ఎంత మామూలైపోయిందంటే, వద్దన్నవాణ్ణే వింతగా చూస్తారు. అమ్మినవాళ్లందరూ ఒక సంగతి తెలుసుకోవాలి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా, ఆర్సీలో ఎవరి పేరుందో చట్టం దృష్టిలో వాళ్లే యజమాని, ప్రమాదం జరిగితే బాధ్యత వాళ్లదే. అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో రవాణా శాఖకి తెలియజేయాలి, కొన్నవాడు ముప్పై రోజుల్లో మార్పించుకోవాలి. నా పేరున్న బండి ఏ ఊళ్లో, ఎవరి చేతిలో, ఎవరిని గుద్దిందో తెలియని స్థితి నాకొద్దు. పేరు మారాకే తాళాలు అన్నాను. బ్రోకరు మళ్లీ రాలేదు.

చివరికి మైలవరం దగ్గరి పల్లె నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. మోటారు వైండింగు పని. మామిడి తోటల్లో, చేలల్లో బోరు మోటార్లు కాలిపోతే పైకి తీయించి, షాపుకి తెచ్చి, వైండింగు చేసి మళ్లీ దించి వస్తాడు. ఎండాకాలం వోల్టేజి పడిపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగు మాడిపోతుంది. అంటే రైతుకి నీళ్లు మరీ అవసరమైన రోజుల్లోనే ఇతనికి పని. ఇన్నాళ్లూ ఆ మోటార్లని టీవీఎస్ ఎక్సెల్ మీద అడ్డంగా కట్టుకుని తిరిగేవాడు.

అతను బండి చూసిన తీరు నాకు బాగా గుర్తుండిపోయింది. ముందు తాళం అడగలేదు. బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. నేను ముందే స్టార్టు చేసి ఇంజను వేడెక్కించి పెట్టానేమో చూశాడు. చల్లగా ఉంది. అప్పుడు నా వైపు చూసి తల ఊపాడు. డ్రైవరు కాళ్ల దగ్గర మ్యాటు ఎత్తి స్క్రూడ్రైవరు వెనక్కి తిప్పి నేల రేకు తట్టాడు. ఒక చోట చప్పుడు మారింది. మళ్లీ అక్కడే తట్టాడు. ఆయిలు పుల్ల లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆయిలు రాసి చూశాడు, వాసన చూశాడు. చోక్ లాగి సెల్ఫ్ కొట్టాక ఆయిలు మూత విప్పి లోపల నుంచి పొగ తన్నుతుందేమో చూశాడు. వెనక్కి వెళ్లి సైలెన్సరు దగ్గర అరచెయ్యి పెట్టి, తీసి, వెలుగులో తిప్పి చూసుకున్నాడు. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఒక్క మాట లేదు. పాతికేళ్లు ల్యాబులో పిల్లలకి పరికరం ఎలా పట్టుకోవాలో చెప్పినవాణ్ణి. చేతులు చూస్తే మనిషి తెలుస్తాడు.

“ఇంజను బోర్‌కి రాలేదు మాస్టారూ. ఎడం పక్క రేకు పోయింది, టింకరింగు చేయించుకోవాలి,” అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, “ఒక్కటండీ. వెనక సీటు తీసేస్తాను. పంపు విప్పేస్తే మోటారు అక్కడ పడుకుంటుంది,” అన్నాడు.

అక్కడ నేను ఆగిపోయాను. ఆ సీటు. మా పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయిన సీటు, ఆ కోడలు నొప్పులు పడ్డ సీటు, పుష్కరాల తడి అంతా పీల్చుకున్న సీటు. ఆలోచించి చెబుతానన్నాను. అతను లోపలికొచ్చి మజ్జిగ తాగి, ధర కూడా అడక్కుండా వెళ్లాడు.

“ఏవండీ,” అంది మా ఆవిడ ఆ రాత్రి, “మీకు ఆ సీటు కనిపిస్తోంది గానీ, వర్షంలో ఎక్సెల్ మీద అంత బరువు కట్టుకుని వెళ్లే ఆ అబ్బాయి కనిపించడం లేదు. వాళ్లావిడ గుమ్మంలో నిలబడి ఎదురు చూస్తూంటుంది.” నేను ఇంతసేపూ మనుషుల్ని మోయడం గురించి ఆలోచిస్తున్నాను. మోటారు మోసినా మనుషుల్ని మోసినట్టే. ఒక బోరు మోటారు రెండు రోజులు ముందు బాగైతే ఒక తోట బతుకుతుంది. పొద్దున్నే ఫోను చేసి రమ్మన్నాను. ధర అతను చెప్పినదానికి ఒప్పుకున్నాను. షరతు ఒక్కటే పెట్టాను: ముందు పేరు మార్పు. అతను రెండో మాట లేకుండా ఒప్పుకుని, కాగితాలన్నీ తెచ్చాడు. ఆర్సీ అతని పేరు మీద వచ్చాక తాళాలిచ్చాను.

ఆ తర్వాతి నెలలు ఎలా గడిచాయో చెప్పాలి. ఆటోలు ఉన్నాయి, సిటీ బస్సులు ఉన్నాయి, క్యాబులు ఉన్నాయి. వెళ్లడం ఆగలేదు. మొన్న మాఘమాసంలో ఆ పెళ్లికి కూడా ఆటోలోనే వెళ్లాం. నాకు కష్టమైంది ఒకే ఒక్కటి, అడగడం. ముప్పై ఏళ్లలో నేను ఎవరినీ “కొంచెం దింపుతారా” అని అడిగిన మనిషిని కాను. కార్తీకమాసంలో ఒక రాత్రి పదిన్నరకి మా ఆవిడకి కడుపులో నొప్పి మొదలైంది. 108కి ఫోను చేసేంత కాదనిపిస్తోంది, ఊరుకునేంతా కాదు. ఫోనులో క్యాబు దొరకలేదు. కింది ఫ్లాటులో కుర్రాడికి కారుంది. మెట్లు దిగి అతని తలుపు దాకా వెళ్లాను. చెయ్యి ఎత్తాను. బెల్లు కొట్టలేకపోయాను. పడుకున్నాడేమో, పొద్దున ఆఫీసుందేమో, చంటిపిల్ల లేస్తుందేమో. ఆ తలుపు ముందు నిలబడి ఉండగా, నా తలుపు కొట్టినవాళ్లంతా నాకు గుర్తొచ్చారు. మూడో ఇంటి అత్తగారు కూడా ఇలాగే చెయ్యి ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి ఉంటుంది. నేను లేచి “పదండి” అనడం పెద్ద పని అనుకుంటూ బతికాను. అర్ధరాత్రి ఇంకొకరి తలుపు కొట్టడం దానికంటే పెద్ద పని. ఆ పనిని వాళ్లు నా కోసం అన్నేళ్లు చేశారు. నా మీద ఆ నమ్మకం పెట్టి నన్ను పనికొచ్చేవాణ్ణి చేసింది వాళ్లే.

బెల్లు కొట్టాను. ఆ కుర్రాడు తలుపు తీసి, విని, “అంకుల్, ఇంతసేపు ఎందుకు ఆగారు?” అంటూ తాళం తీసుకున్నాడు. గ్యాస్ నొప్పి అని తేలింది. తిరిగొస్తుంటే నేను ముందు సీట్లో అతని పక్కన కూర్చున్నాను. చాలా నెమ్మదిగా, గుంటలు చూసుకుంటూ నడిపాడు. మర్నాడు మా ఆవిడ వాళ్లింటికి పులిహోర పంపింది.

మైలవరం అబ్బాయి అప్పుడప్పుడూ ఫోను చేస్తాడు. తీసేసిన వెనక సీటుని షాపు ముందు చూరు కింద రెండు ఇటుకల వరసల మీద వేశాడట. మోటారు బాగయ్యేదాకా రైతులు దాని మీద కూర్చుంటున్నారట. బండికి మాత్రం చలికాలం పొద్దున్నే స్టార్టింగు ఇబ్బందిగా ఉందన్నాడు. చోక్ పూర్తిగా లాగి, యాక్సిలేటరు తొక్కకుండా సెల్ఫ్ కొట్టమని, ఇంజను నిలదొక్కుకున్నాక సగం నెట్టమని చెప్పాను. కొన్నాళ్లు పనిచేసిందట, మళ్లీ మొరాయిస్తోందట.

అటక మీద నా స్పేర్ల డబ్బా ఇంకా ఉంది. క్లచ్ కేబులు, ఫ్యాన్ బెల్టు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, ఇంకా ప్యాకెట్టు విప్పని కార్బురేటర్ కిట్టు ఒకటి. ఇవి ఇప్పుడు కొందామన్నా అంత తేలిగ్గా దొరకవు. పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌కి తీసుకెళ్లి ఆర్టీసీ కార్గోలో వేద్దామనుకున్నాను. కానీ ఆ కార్బురేటరు విప్పి, ఫ్లోటు మట్టం సరిచేసి బిగించడం ఫోనులో చెబితే వచ్చేది కాదు. పక్కన నిలబడి చూపించాలి. అదే మాట అతనితో అన్నాను. “మీరు కార్గోలో ఏం వెయ్యొద్దు మాస్టారూ, ఆదివారం నేనే వచ్చి తీసుకెళ్తాను. గుంటుపల్లిలో ఒక మోటారు దించాల్సి ఉంది, ఆ పని చూసుకుని అటే వస్తా. ఏడింటికల్లా తయారుగా ఉండండి,” అన్నాడు.